చేయవద్దని రాసిచ్చిన కాగితం

“సర్వీసు అంటే ఏం చేయమంటారమ్మా?” అని వాచీ మెకానిక్ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. సర్వీసు అంటే సర్వీసే కదా, అందులో అడగడానికి ఏముంటుందని నేను అనుకున్నాను. ఆయన మాత్రం వాచీని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, అద్దం మార్చాలా, కేసుకు మెరుగు పెట్టాలా, డయల్ మీద అక్షరాలు కొత్తగా వేయించాలా, ముళ్ల మీద రాలిపోతున్న రంగు మళ్లీ నింపాలా, లేక లోపలి యంత్రాన్ని మాత్రమే శుభ్రం చేసి నూనె పెట్టాలా అని ఒక్కొక్కటిగా అడిగారు. ఒక్కదానికీ నికరమైన సమాధానం చెప్పలేక, రెండు రోజుల్లో వస్తానని వాచీని వెనక్కి తీసుకువచ్చాను.

అది మా అమ్మ వాచీ. నర్సుగా ఉద్యోగంలో చేరిన ఏడాది, 1974లో, కొనుక్కున్నది. పదిహేడు రాళ్లది, రోజూ పొద్దున్నే కీ ఇవ్వవలసినది, ఇత్తడి కేసు మీద 20 మైక్రాన్ల బంగారు పూత ఉన్నది. దాని కంపెనీ పేరు చెప్పినా ఎవరి కళ్లూ మెరవవు. అమ్మితే వచ్చే డబ్బు సర్వీసు ఖర్చుకు కూడా సరిపోదు కనుక, ఈ విషయంలో లాభనష్టాల లెక్క మొదటే పక్కకు తప్పుకుంది.

ఆ రెండు రోజుల్లోనే మా అన్నయ్య నాకొక వీడియో పంపాడు. తుప్పు పట్టి, డయల్ నల్లబడిన పాత వాచీని ఎవరో నిపుణుడు ఇరవై నిమిషాల వీడియోలో దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టు మార్చేశాడు. “అమ్మ వాచీని ఇలా చేయించు” అని కింద ఒక్క వాక్యం రాశాడు. ఆ పనితనాన్ని తప్పుపట్టలేను, చివరిదాకా కన్నార్పకుండా చూశాను కూడా. అయితే చూడటం పూర్తయ్యేసరికి నాకొక అభిప్రాయం కుదిరింది. ఒక మనిషి గుర్తుగా దాచుకున్న వాచీని సర్వీసుకు ఇచ్చేటప్పుడు యజమాని చేయవలసిన ముఖ్యమైన పని, ఏమేం చేయకూడదో ముందే తేల్చుకుని రాసివ్వడం. ఆ మనిషి వాడుకున్న దాన్ని బాగుచేయించాలి, ఆ మనిషి వదిలి వెళ్లిన ఆనవాళ్ల జోలికి పోకూడదు. సూత్రంగా చెప్పుకుంటే ఇది ఎంతో తేటగా ఉంది. వాచీ మూత తెరిచాక అది ఎన్ని చిక్కులు పడిందో చెప్పడానికే ఈ వ్యాసం.

నడుస్తూనే ఉంది కదా

అమ్మ పోయాక పదకొండేళ్లు బీరువాలో ఉన్న ఆ వాచీ, కీ ఇవ్వగానే నడిచేది. రోజుకు ఒక నిమిషం కూడా వెనకబడేది కాదు. అలాంటప్పుడు విప్పించడం దేనికన్నది నా మొదటి సందేహం, అది తేలిగ్గా కొట్టిపారేయదగిన సందేహం కూడా కాదు. విప్పడంలోనే ప్రమాదం ఉంది. పాత స్క్రూల తలలు కాస్త జారిన స్క్రూడ్రైవరుకే చితికిపోతాయి. వెంట్రుక మందం కూడా ఉండని హెయిర్ స్ప్రింగ్, పట్టకారు ఒక్కసారి తగలరాని చోట తగిలితే వంకర తిరుగుతుంది. అంతవరకు బాగానే నడిచిన వాచీ విప్పిన తర్వాతే పాడైందని వాపోయేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

రెండోసారి వెళ్లినప్పుడు మెకానిక్ వాచీని ఒక చిన్న యంత్రం మీద పెట్టారు. టిక్కుటిక్కుమనే చప్పుడును మైకుతో విని, వాచీ రోజుకు ఎన్ని సెకన్లు తేడాగా నడుస్తోందో, లోపలి బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీల మేర ఊగుతోందో చూపించే యంత్రం అది. తేడా 45 సెకన్లే ఉంది. ఊపు మాత్రం 175 డిగ్రీలు దాటడం లేదు. ఆరోగ్యంగా ఉన్న వాచీకి నిండుగా కీ ఇచ్చి, వెల్లకిలా పడుకోబెడితే ఆ అంకె 270కీ 300కీ నడుమ ఉంటుందని ఆయన చెప్పారు. నాడి లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన నాడి బలంగా ఉన్నట్టు కాదని, వేళ్ల కింద దాని కొట్టుకునే తీరు కూడా చూడాలని అమ్మ ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. ఆమె వాచీ గురించి అదే మాట మరొకరి నోట వినవలసి వస్తుందని అనుకోలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకున్నాక నాకు ఆశ్చర్యం కలిగింది. 1675లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ బ్యాలెన్స్ చక్రానికి చుట్టలా ఉండే స్ప్రింగును, అంటే ఇందాక చెప్పిన హెయిర్ స్ప్రింగును, జతచేశాడు. ఆ స్ప్రింగు గొప్పతనమంతా, చక్రం ఎక్కువగా ఊగినా తక్కువగా ఊగినా ఒక్కో ఊపుకు పట్టే సమయాన్ని దాదాపు సమానంగా ఉంచడంలోనే ఉంది. వాచీని నమ్మదగినదిగా చేసిన ఆ గుణమే దాని జబ్బును దాచిపెడుతుంది కూడా. లోపల నూనె ఎండిపోయి చక్రం నీరసంగా ఊగుతున్నా పైన ముళ్లు సరైన సమయాన్నే చూపిస్తూ ఉంటాయి.

నూనె సంగతి ఇంకా సూక్ష్మమైనది. రాళ్లు అని మనం పిలిచేవి కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. ఒక్కో రాతి గుంటలో సూదిమొనంత నూనె బొట్టు ఉంటుంది. అందులో, బ్యాలెన్స్ చక్రం దగ్గరైతే మిల్లీమీటరులో పదో వంతు మందమున్న ఉక్కు ఇరుసు తిరుగుతుంది. ఆ నూనె కొన్నేళ్లకు ఎండిపోతుంది, లేదా పక్కలకు పాకిపోతుంది. మిగిలినదాంట్లో దుమ్మూ లోహపు రజనూ చేరి అది ఆకురాయి పనిచేస్తుంది. కెంపు అరగదు, ఉక్కు అరుగుతుంది. అమ్మ వాచీ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 4,32,000 సార్లు, ఏడాది పొడవునా నడిస్తే 15 కోట్ల 76 లక్షల సార్లకు పైగా. ఆ అరుగుదల కంటికి కనిపించేనాటికి ఇరుసు మార్చవలసి వస్తుంది. పాత వాచీలకు కొత్త ఇరుసు అంటే, చాలాసార్లు, అదే రకానికి చెందిన మరో చచ్చిన వాచీలోంచి తీసి పెట్టేదే.

దీనికొక ఎదురు వాదన ఉంది, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అరుగుదల నడిచే వాచీకే తప్ప ఆగి ఉన్న వాచీకి ఉండదు. పెట్టుకునే ఉద్దేశం లేకపోతే సర్వీసు చేయించవలసిన పని లేదు. పొడిగా ఉన్న చోట, కీ ఇవ్వకుండా, అలాగే ఉంచవచ్చు. నాలుగైదేళ్లకోసారి సర్వీసు చేయించాలన్న మాట రోజూ చేతికి ఉండే వాచీలకు చెప్పినది. అన్నిటికన్నా చెడ్డ పని మరొకటి ఉంది, పదకొండేళ్లూ నేను చేసింది అదే. అమ్మ గుర్తుకు వచ్చినప్పుడల్లా బీరువా తెరిచి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని వినేదాన్ని. ఎండిన నూనె మీద ఆ ఇరుసులను నేనే తిప్పించాను.

అన్నయ్య చూసిన వాచీ

యంత్రం విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా పైకి కనిపించేదాని గురించే.

అన్నయ్య నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. కేసు తళతళలాడుతున్నప్పుడు, డయల్ తెల్లగా ఉన్నప్పుడు, అమ్మ కూడా పడుచుగా ఉన్నప్పుడు వాడు ఆ వాచీని చూశాడు. నాకు ఊహ తెలిసేనాటికే కేసు అంచుల్లో పూత పోయి ఇత్తడి బయటపడింది, డయల్ పాలిపోయి మీగడ రంగుకు వచ్చింది. వాడి జ్ఞాపకంలో ఉన్నది ఒక వాచీ, నా జ్ఞాపకంలో ఉన్నది మరొకటి. ఈ సంగతి తట్టేదాకా వాడిది మెరుపు మోజు అనే అనుకున్నాను. వాడు కోరింది మోజు కాదు, తాను చూసిన అమ్మ చెయ్యి. కనుక పాతదాన్ని పాతగానే ఉంచాలన్న నా మాటకు పుట్టుకతో వచ్చే న్యాయం ఏదీ లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

అయినా నా పక్షాన నిలిచే వాస్తవం ఒకటుంది: ఆ పనులు ఒకవైపుకే నడుస్తాయి. పూత పోయిన కేసుకు మళ్లీ పూత వేయాలంటే ముందు దాన్ని నునుపుగా అరగదీస్తారు. అప్పుడు గీతలతో పాటు అంచుల పదును కూడా పోతుంది, పట్టీ తగిలించే కాళ్లు గుండ్రబడతాయి, తీసేసిన లోహం ఏ పూతతోనూ తిరిగి రాదు. డయల్ కొత్తగా చేయించడమంటే పాత రంగునూ అక్షరాలనూ పూర్తిగా కడిగేసి, మళ్లీ రంగు వేసి, అక్షరాలు అచ్చు వేయడం. ఎంత నేర్పరి చేసినా ఆ అక్షరాల పొడుగూ లావూ పాతవాటితో సరిగ్గా కలవడం అరుదు. అన్నయ్యకు కావలసిన 1974 నాటి డయల్ దాంతో రాదు, దానికి నకలు వస్తుంది. ఆ నకలు కోసం అసలుదే, వయసు మీదపడినదే కావచ్చు, చెరిగిపోతుంది. నేను ఇవాళ వద్దన్నది పదేళ్ల తర్వాత కూడా చేయించుకోవచ్చు. ఇవాళ చేయించినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. రెండు జ్ఞాపకాలు పోటీ పడినప్పుడు, తప్పు దిద్దుకోవడానికి వీలుండే వైపు మొగ్గడం మంచిదని వాడితో వాదించాను.

అద్దం దగ్గర మాత్రం నా వాదన ఓడిపోయింది. అమ్మ వాచీని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. రాత బల్ల అంచుకు రాసుకుని ఆ ప్లాస్టిక్ అద్దం మీద ఆరు అంకె వైపు సన్నటి గీతలు పడ్డాయి. ఆమె చేతిరాతకు అంత దగ్గరగా వచ్చే ఆనవాలు మరొకటి లేదని, అద్దం ముట్టుకోవద్దని అన్నాను. అంచున ఉన్న చీలికను మెకానిక్ గోటితో చూపించి, దాంట్లోంచి తేమ లోపలికి వెళుతుందని, అద్దాన్ని కాపాడుకుంటే డయల్‌ను పోగొట్టుకుంటారని చెప్పారు. అద్దం మార్చమన్నాను, పాతది నాకు తిరిగి ఇవ్వమన్నాను. ఇప్పుడది ఒక చిన్న పొట్లంలో ఉంది.

మూత లోపలి గీతలు

వెనక మూత నా ఎదుటే తెరిచారు. మూత లోపలివైపు, సూదితో గీసినట్టు, మూడు చోట్ల మూడు రకాల చేతిరాతలో చిన్న చిన్న గుర్తులున్నాయి. ఒక్కోదాని పక్కన నెల, సంవత్సరం: 1981, 1988, 1996. వాచీ బాగుచేసేవాళ్లు తాము విప్పిన తేదీని తమకే అర్థమయ్యే గుర్తుతో అలా గీసుకోవడం పాత అలవాటని, ఇప్పుడు చాలామంది అది మానుకున్నారని మెకానిక్ అన్నారు. అమ్మ ఆ వాచీని ఏడెనిమిదేళ్లకోసారి సర్వీసుకు ఇచ్చేదని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో దాని గురించి ఎన్నడూ మాట్లాడగా వినలేదు. గ్యాస్ స్టవ్ బాగుచేయించినట్టే అదీ చేయించి ఉంటుంది.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటతో నా సూత్రం నిజంగా ఇరకాటంలో పడింది. “ఈ సెకన్ల ముల్లు దీనిది కాదమ్మా” అన్నారు. భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. డయల్ అంచున ఉన్న గీతలను ముల్లు కొస అందుకోవడం లేదు, ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోతోంది. మిగతా రెండు ముళ్ల రంగు వేరు, దీని రంగు వేరు. ఎప్పుడో ఒకసారి వాచీ వార్డులో గచ్చు మీద పడి, అద్దం ఊడి, ముల్లు ఎటో పోయిందని అమ్మ చెప్పగా విన్న గుర్తు ఉంది. చక్రపు ఇరుసు విరగకుండా కాపాడే చిన్న స్ప్రింగు అమరిక 1930ల నుంచే వాచీల్లోకి వచ్చింది కనుక యంత్రం బతికింది. ముల్లు మాత్రం చేతికి అందినది పెట్టి ఇచ్చి ఉంటారు.

సరైన ముల్లు సంపాదించి పెట్టగలనని ఆయన అన్నారు. వాచీలు సేకరించేవాళ్లను అడిగితే ఇందులో రెండో ఆలోచనే ఉండదు: ఫ్యాక్టరీలో పెట్టినదే ఒరిజినల్, తక్కినదంతా దిద్దవలసిన తప్పు. నేను వద్దన్నాను. అమ్మ ముప్పై సెకన్లు లెక్కపెట్టి, వచ్చిన అంకెను రెట్టింపు చేసి నాడి రాసుకున్నది ఈ పొట్టి ముల్లును చూస్తూనే. జ్వరంతో పడుకున్న నా మణికట్టు పట్టుకున్నప్పుడు ఆమె చూపు ఆగినది ఈ ముల్లు మీదే. గుర్తుగా దాచుకునే వాచీకి ఒరిజినల్ అంటే, ఆ మనిషి చివరిసారి చేతినుంచి తీసి పెట్టిన రోజున అది ఎలా ఉందో అలాగని నేను అనుకుంటున్నాను. ఫ్యాక్టరీతో నాకు చుట్టరికం లేదు.

ఇంతవరకు ధీమాగానే చెప్పగలను. ఇక్కడే అన్నయ్య వేసిన ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. “అమ్మే ఉంటే అన్నీ మార్పించి పారేసేది కదా?” అన్నాడు. నిజమే. అద్దం మసకబారినప్పుడు టూత్‌పేస్టు రాసి గుడ్డతో రుద్దడం నా కళ్లతో చూశాను. గీతలను దాచుకునే మనిషి కాదు, వీలైతే తుడిచేసే మనిషి. ఆమె పేరు చెప్పి ఆమెకు లేని పట్టింపును నేను పట్టుకుని కూర్చున్నాను. ఆమె మార్చినా తుడిచినా అది ఆమె వాడకంలో భాగం, మనం చేస్తే ఆ వాడకాన్ని కప్పేయడం అవుతుంది అని సమాధానమిచ్చాను. వాడు ఊరుకోలేదు. “నువ్వు రోజూ పెట్టుకుంటే నీ గీతలు పడవా? అవి అమ్మ గీతలను కప్పవా?” అన్నాడు. పడతాయి, కప్పుతాయి. బీరువాలో ఉంచితేనే ఆమె ఆనవాళ్లు ఆమెవిగా మిగులుతాయి. అయినా పెట్టుకోవడానికే సర్వీసు చేయించాను.

కీ ఇస్తే బిగుసుకుని వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగ్‌ను మార్పించేటప్పుడు నా సూత్రంలోని మరో లొసుగు బయటపడింది. పాత స్ప్రింగును డబ్బాలోంచి బయటకు తీస్తే అది విచ్చుకుని వెనక్కి వంపు తిరగాలి. ఇది మాత్రం చుట్ట చుట్టుకుని అలాగే పడి ఉంది. అమ్మ రోజూ పొద్దున కీ ఇచ్చినప్పుడు ఆమె వేళ్ల బలమంతా వెళ్లింది ఆ స్ప్రింగులోకే. ఆనవాలు అన్న మాటకు అర్థం చూస్తే వాచీ మొత్తంలో అంతకన్నా ఆమెది అనదగిన భాగం లేదు. దాన్ని మార్చడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కంటికి కనిపించేవాటి మీదే నా ప్రేమంతా అని తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను.

చీకట్లో వెలిగిన రంగు

రాత్రి డ్యూటీల్లో వార్డు దీపాలు తగ్గించాక సమయం తెలియడానికి ముళ్ల మీద వెలిగే రంగు ఉండేది. డయల్ అడుగున దేశం పేరుకు అటూ ఇటూ ‘టి’ అని ఉన్న చిన్న అక్షరాలు అది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థమని చెబుతాయి. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. యాభై ఏళ్లలో నాలుగుసార్లు సగమై, మొదట ఉన్నదాంట్లో పదహారో వంతు మిగిలింది. దాని తాకిడికి వెలుగునిచ్చే పొడి కూడా చెడిపోవడంతో ఇప్పుడు అసలు వెలగదు, తేనె రంగులో పెళుసుగా మిగిలింది. అది పొడిపొడిగా రాలి యంత్రంలో పడితే కొత్తగా పెట్టిన నూనెంతా వృథా.

తాతల నాటి వాచీలున్నవాళ్లు ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. 1960ల కన్నా ముందువాటిలో ఆ రంగు రేడియం కావచ్చు. రేడియం అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. వెలుగు ఆగిపోయినా కిరణాలు ఆగవు. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో ఆ రంగు వేసే ఉద్యోగంలో కుంచె మొనను పెదవులతో పదును చేసుకున్న అమ్మాయిలు ఎముకలు కుళ్లి చనిపోయారు. వాళ్లలో కొందరి దావా 1928లో పరిహారంతో ముగిసింది. అటువంటి వాచీని ఇంట్లో సరదాకు విప్పవద్దు, గీకవద్దు. మెకానిక్‌కు ముందే చెప్పాలి.

మళ్లీ మా వాచీ దగ్గరకు వస్తే, పాత రంగు తీసేసి కొత్తది నింపడమా, లేక ముల్లు వెనక నుంచి పల్చటి జిగురు పూసి పాత రంగు రాలకుండా ఆపడమా అన్నది తేలాలి. ఆమె వాడుకున్నదాన్ని బాగుచేయించాలన్నది నేను పెట్టుకున్న నియమమే, చీకట్లో వెలుగు ఆమె నిజంగా వాడుకున్నది. ఆ లెక్కన కొత్త రంగు నింపించాలి. నేను జిగురే పూయమన్నాను. దీనికి నా దగ్గర ఒక సమర్థన ఉంది: ఇప్పుడు వాడే రంగులు దీపం వెలుతురు తాగి కొన్ని గంటలు మాత్రమే వెలుగుతాయి, తెల్లవార్లూ తనంతట తాను వెలిగిన ఆ వెలుగును ఎలాగూ తిరిగి ఇవ్వలేవు. సమర్థన గట్టిదే. కానీ నిర్ణయం ముందు జరిగిందని, సమర్థన తర్వాత దొరికిందని నాకు తెలుసు. ఆ తేనె రంగు నాకు ఇష్టం.

కాగితం

చివరికి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. కేసుకు మెరుగు పెట్టవద్దు, డయల్ కడగవద్దు, సెకన్ల ముల్లు మార్చవద్దు, ముళ్ల రంగు తీయవద్దు, మూత లోపల కొత్తగా ఏమీ గీయవద్దు, తీసిన ప్రతి ముక్కా నాకు తిరిగి ఇవ్వాలి. పని చేతకానివాడికి చెప్పినట్టు ఇలా వద్దుల జాబితా ఇవ్వడం ఆయనను చిన్నబుచ్చడమేమోనని ఇస్తున్నప్పుడు బెరుకుగానే ఉంది. ఈ విద్య ఎంత సన్నగిల్లిందో తెలిసినదే: బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక స్విట్జర్లాండులో గడియారాల పరిశ్రమ కార్మికులు 1970లో 90,000 మంది దాకా ఉన్నవారు 1980ల నడుమకు 30,000 పైచిలుకుకు పడిపోయారు. 2020లో యునెస్కో ఈ పనితనాన్ని కాపాడుకోవలసిన వారసత్వంగా గుర్తించింది. అంతటి పని తెలిసినవారికి తమ నేర్పు పైకి కనిపించాలని ఉండటం సహజం. చేయకుండా వదిలేసిన పని ఏ ఫోటోలోనూ కనపడదు. ఆయన కాగితం రెండుసార్లు చదివి నవ్వారు. “ఇలా ముందే రాసిచ్చేవాళ్లు తక్కువమ్మా, తర్వాత వచ్చి పోట్లాడేవాళ్లే ఎక్కువ” అని, తన వంతుగా కింద ఒక వాక్యం చేర్చారు: నీళ్లలో పెట్టకూడదు. యాభై ఏళ్ల వాచీకి ఏ రబ్బరు వేసినా నీటిని నమ్మవద్దన్నారు.

మూడు వారాలకు ఫోన్ చేసి ఒక అనుమతి అడిగారు. మూతలో తన తేదీ గీయవచ్చా అని. గీయవద్దని రాసింది నేనే. కానీ 1981, 1988, 1996 ఎవరూ గీయకపోయి ఉంటే అమ్మ గురించి ఆ సంగతి నాకు తెలిసేదే కాదు. గీయమన్నాను.

వాచీ చేతికి వచ్చేసరికి ఊపు 255 డిగ్రీలకు పెరిగింది, రోజుకు 20 సెకన్లు ముందుకు పరిగెడుతోంది. రోజుకు 86,400 సెకన్లలో 20 నాకు ఒక తప్పు కాదు. వాచీని ఏ వైపు తిప్పి ఉంచినా ఒకేలా నడిచేంతగా సరిచేయాలంటే చక్రం బరువు సరిచూసి దాని నుంచి లోహం గీకాలన్నారు, వద్దన్నాను. ఇంటికి వచ్చి చెవి దగ్గర పెట్టుకుంటే నాకు తెలిసిన చప్పుడు లేదు. ఇది గట్టిగా, చురుగ్గా, కొట్టినట్టు ఉంది. నేను పదకొండేళ్లు విన్న మెత్తటి చప్పుడు ఎండిన నూనెదీ అలిసిన స్ప్రింగుదీ అని బుద్ధికి తెలుసు, అయినా ఆ రాత్రి ఏదో పోగొట్టుకున్నట్టే గడిచింది.

తర్వాతి నెల అన్నయ్య వచ్చినప్పుడు వాచీ ఇచ్చాను. డయల్ వైపు నిరాశగా చూసి, ఏమీ అనకుండా చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు దించలేదు. “ఇదే. నా చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకుంటే ఇలాగే వినపడేది” అన్నాడు. నేను ఆనవాళ్ల పేరుతో కాపాడినవన్నీ నా వాచీవి, బాగుచేయించిన చప్పుడు మాత్రం వాడి వాచీది. “చప్పుడు కొత్తగా కావచ్చు గాని మొహం కొత్తగా కాకూడదా?” అని వాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఒకవైపుకే నడిచే పనులని నేను మళ్లీ చెప్పబోయి మానుకున్నాను. వచ్చే సర్వీసు దాకా ఏడాదికి ఆరు నెలలు వాడు పెట్టుకోవాలని, ఆ సర్వీసుకు కాగితం వాడే రాయాలని ఒప్పందం చేసుకున్నాం. మాట ఇచ్చిన దగ్గర నుంచి నాకు కొంచెం భయంగానే ఉంది.